ముందుగా చేరెనట

అరకు కొండల్లో బడిపంతులుగా ఉన్న రోజుల్లో పోస్టాఫీసు కూడా నా నెత్తినే ఉండేది. పంతొమ్మిది వందల ఇరవైల నాటి సంగతి. బడి వసారాలో ఒక బల్ల, తాళం వేసిన పెట్టె, నాలుగు ముద్రలు: అదే పోస్టాఫీసు. ఇది చాలనట్టు, విశాఖపట్నంలో అచ్చయ్యే ఒక వారపత్రికకు మన్యం వార్తలు రాసి పంపేవాణ్ణి. జ్వరం వస్తే పక్షం రోజులు మంచం దిగనిచ్చేది కాదు. క్వినైను మింగీ మింగీ చెవుల్లో ఎప్పుడూ హోరే. ఆ నీరసంలో వార్తలెందుకు రాసేవాణ్ణో ఇప్పుడు తలుచుకుంటే నాకే విసుగొస్తుంది. నేనింకా బతికే ఉన్నానని కింద మావాళ్ళకు తెలియాలనేమో.

రాసినవేవీ పైకెక్కేవి కావు. తెల్లదొరల మీద పితూరీ లేచిన రోజుల్లో మాత్రం మన్యం అన్న మాట మొదటి పేజీలో కనిపించింది. అది సద్దుమణిగాక మళ్ళీ మేము ఆఖరి పేజీలో, తలనొప్పి మందు ప్రకటన కింద. ఆటల వార్తలకూ ఒక వరస ఉండేది. దొరల టెన్నిసు పైన, జమీందార్లు పెట్టించే కుస్తీలు మధ్యన. మా సంతలో జరిగే బాణాల పందేలు ఎన్నిసార్లు రాసి పంపినా అచ్చుకాలేదు.

ఘాటురోడ్డు అడుగు నుంచి మాకు టపా తెచ్చే రన్నరు కొండమనిషి. నలభై దాటి ఉంటాయి. సంచి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన ఈటె పట్టుకుని వచ్చేవాడు. వాళ్ళ పోడు మెట్టను అడవి శాఖ రిజర్వులో కలిపేసుకుంది. ఇక ఇంటిల్లిపాదికీ అంబలి పోసేది ఆ సంచే. ఆ వేసవిలో కిందినుంచి వచ్చిన ఒక షావుకారు పాత మోటారు బండి కొన్నాడు. టపా కంట్రాక్టు తనకిస్తే ఈ రన్నర్లెవరూ అక్కర్లేదని తపాలా పెద్దలకు అర్జీ పెట్టాడు. ఆ కబురు విన్ననాటినుంచి రన్నరుకు నిద్ర లేదు.

షావుకారు ఊరుకోక, బంగళాలో మకాం వేసిన అడవి అధికారి దగ్గర తన మోటారు గురించి గొప్పలు పోయాడు. ఆయనకు సరదా పుట్టింది. మోటారుకొక సంచి, రన్నరుకొక సంచి, ఒకే బరువు, ఘాటు అడుగు నుంచి ఒకే రోడ్డు, అడ్డదారులు తొక్కకూడదు, ఎవరు ముందు బంగళా చేరితే వాళ్ళదే గెలుపు అన్నాడు. నేను బంగళా గేటు దగ్గరే నిలబడ్డాను. ముందు గజ్జెల చప్పుడే వినబడింది. రన్నరు వచ్చాడు, సంచి దించాడు, అంబలి తాగాడు, గోడకు జారబడి చిన్న కునుకు కూడా తీశాడు. ఆ తరవాత వచ్చింది మోటారు. వచ్చిందంటే ఏం వచ్చింది, ముందు తాడు కట్టి కూలీలు లాగుతుంటే, వెనకనుంచి ఇంకొందరు తోస్తుంటే, పొగలు కక్కుకుంటూ వచ్చింది.

"పేపర్లో ఎట్టించండి బాబూ," అన్నాడు రన్నరు. "టపా పెద్ద దొర సదివితే నా సంచి నాకుంచుతాడు."

ఆ రాత్రి జ్వరంలోనే కూర్చుని రాశాను. కూలీలు లాగిన సంగతీ, కునుకు తీసిన సంగతీ ఏదీ వదల్లేదు.

పేపరు అతని సంచిలోనే, అతని భుజం మీదే వచ్చింది. కట్టు విప్పితే మొదటి పేజీలోనే ఉంది మా వార్త! ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే పైన మోటారు బొమ్మ. ఏదో ప్రకటనకు చేయించిన అచ్చుదిమ్మె అయి ఉంటుంది. దానికింద పెద్ద అక్షరాలతో 'ఘాటు నెక్కిన మోటారు' అని ఉంది. షావుకారు సాహసం ఒక పేరా, యంత్రం మహిమ ఒక పేరా. కూలీల ఊసే లేదు. చిట్టచివర ఒక్క వాక్యం: 'టపా రన్నరొకడు కొంచెము ముందుగా చేరెనట.'

చదివి వినిపించక తప్పలేదు. చివరిదాకా కదలకుండా విన్నాడు.

"చేరెనట ఏటి బాబూ?" అన్నాడు. "మీరు సూసినారు గదా."

నేను రాసింది 'చేరెను' అనే.

తరవాత మందుకోసం పట్నం దిగినప్పుడు సంపాదకుణ్ణి నిలదీశాను. ఆయనా నాలాగే అలిసిపోయిన మనిషి. ప్రూఫుల మీంచి తలెత్తకుండానే చెప్పాడు. మనిషి పరుగెత్తడం రోజూ ఉండేదే, మోటారు ఘాటెక్కడం కొత్త, కొత్తది పైకెళ్తుంది. కూలీల సంగతికి చోటు చాలలేదు. ఇక ఆ 'ట' సంగతంటారా, కొండవాడు మోటారును ఓడించాడని అచ్చేస్తే చదివేవాళ్ళు నవ్వుతారు, 'ట' తగిలిస్తే పత్రికకు పూచీ ఉండదు. నేను కళ్ళారా చూశానన్నాను. "మీరు చూశారు పంతులుగారూ, పత్రిక చూడలేదు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ పోట్లాడటానికి ఒంట్లో ఓపికేదీ? మందు సీసా జేబులో వేసుకుని కొండెక్కాను.

పెద్ద దొర ఆ పేపరు చదివించుకున్నాడని తరవాత తెలిసింది. మోటారు ఘాటెక్కగలదని అచ్చులో రుజువు దొరికింది కదా, వానలు వెనకబట్టగానే కంట్రాక్టు షావుకారుకు ఇచ్చేశారు. రన్నరు గజ్జెల ఈటె నా బల్లకు ఆనించి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు రోడ్డు పనిలో, ఆ మోటారు కోసమే, రాళ్ళు కొడుతూ కనిపించాడు.

మరి కొన్నేళ్ళకు నాకు కిందికి బదిలీ అయింది. వెళ్ళేముందు సంతలో అతణ్ణి చూశాను. చింతకింద కూర్చుని కుర్రకారుకు ఆ పందెం కథ చెబుతున్నాడు. మలుపులూ, ఎండా, వెనక మోటారు రొదా అన్నీ చెప్పాడు. మరి గెలిచిందెవరని వాళ్ళలో ఒకడు అడిగాడు.

"నానే," అన్నాడు. నన్ను చూసి కాస్త తడబడ్డాడు. "నానే ముందుగా సేరినానట."