కిటికీలు మూసిన గృహప్రవేశం

మొన్నీమధ్య పక్కింటివాళ్లు కుక్కపిల్లకి టీకా వేయించాలి, తోడు రమ్మంటే ఈ డర్బన్‌లోనే ఒక జంతువుల ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ అద్దాల బీరువాలో, పిల్లులచేత మందు పీల్పించడానికే తయారుచేసిన గొట్టం ఒకటి, బుల్లి మూతికి సరిపోయే మెత్తని మాస్కుతో సహా, రంగుల పెట్టెలో దర్జాగా కూర్చుని ఉంది. ఇంత వీలైన వస్తువు వచ్చినందుకు సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. నాలాగే మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగే వయసుకొచ్చినవాళ్లకి ఈ మంట సంగతి వేరే చెప్పక్కర్లేదు. మనకి కావలసినప్పుడు లేనిదల్లా అక్కర తీరాక అంగట్లో వరసగా కనబడుతుంది.

ఈ దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్లూ కలిసి మొదటిసారి ఓటు వేసిన మరుసటేడు, నేను విజయనగరం నుంచి లెక్కల టీచరుగా వచ్చి చాట్స్‌వర్త్‌లో ఒక బడిలో చేరాను. పక్కనే షాల్‌క్రాస్‌లో ఒక ఇంటి వెనక గది అద్దెకు దొరికింది. ఇంటి పెద్దావిడని వీధంతా అవ్వ అనేది, నేనూ అలాగే అన్నాను. చెరకు తోటల పనికి మన ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ల మనవరాలు ఆవిడ. కొడుకూ కోడలూ ఇంగ్లీషే మాట్లాడేవారు. ఆవిడ దగ్గర మాత్రం వరసలూ, కూరల పేర్లూ, పదిదాకా అంకెలూ, లెక్కలేనన్ని తిట్లూ తెలుగులో మిగిలాయి. ఆ తిట్లు వింటుంటే మా మేనత్త ఎదురుగా నిలబడినట్టుండేది. అద్దె కట్టి మరీ తిట్లు తినడానికే ఆ ఇంట్లో ఉన్నానని తోటి టీచర్లు ఆటపట్టించేవారు.

అవ్వకి ఒక పిల్లి ఉండేది. ఒళ్లంతా పచ్చగా ఉండేది కనుక దాని పేరు పసుపు. అది నేలకి కరుచుకుని, మెడ చాచి పొడి దగ్గు దగ్గుతుంటే గొంతులో వెంట్రుకలు చిక్కుకున్నాయని అందరం అనుకున్నాం. ఒకరోజు నోరు తెరిచి, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే బుట్టలో వేసుకుని జంతువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. అది ఉబ్బసమని ఆవిడ చెప్పగానే కొడుకు పకపకా నవ్వాడు. పిల్లికి ఉబ్బసమేమిటని వీధిలో కూడా నెల్లాళ్లు నవ్వుకున్నారు.

మాత్రలు ఏళ్ల తరబడి మింగిస్తే ఒంటికి చేటని, మనుషులు పీల్చే మందునే దీనిచేత కూడా పీల్పించమని డాక్టరమ్మ చెప్పింది. ఆ మందు డబ్బాని ఇక్కడందరూ పంపు అంటారు. పిల్లులకని గొట్టాలు అప్పుడెక్కడివి? సర్కారు ఆసుపత్రిలో పసిపిల్లలకి చేసినట్టే, కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా అడుగున వేడి తీగతో కన్నం చేసి, పంపు మూతి అందులో బిగించి, రెండో వైపు పసిపిల్లల మాస్కు తొడిగాం. మొదట్లో ఆ మాస్కు అంచుకి టిన్ను చేపల రసం రాసి వాసన చూపించి, పంపు నొక్కకుండా ఊరికే మూతికి ఆనించి, మెచ్చుకుని వదిలేసేవాళ్లం. కొన్నాళ్లకి మచ్చికయింది. నేను పంపు ఊపి నొక్కితే, అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని డొక్కల కదలిక చూస్తూ ఒకటి, రెండు అంటూ పదిదాకా ఊపిరులు లెక్కపెట్టేది. పొద్దునా సాయంత్రం ఇదే పూజ. ఆ మందు గుణం కనబడడానికి రెండు వారాలు పట్టింది. ఉన్నట్టుండి ఎగశ్వాస వస్తే నొక్కడానికి నీలం పంపు వేరే ఉండేది. దాన్ని ఇంకో సీసాతో సహా అవ్వ ఎక్కడికి వెళ్లినా చేతిసంచిలో పెట్టుకుని తిరిగేది.

పొగ తగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ ఇంట్లో శుక్రవారం సాంబ్రాణి వేయడం ఓడ దిగిన నాటి నుంచీ తప్పలేదట. భాష పోయినా పొగ పోలేదు. అలాంటి మనిషి నిప్పుల పళ్లెం తీసుకెళ్లి పెరట్లో తులసి దగ్గర పెట్టేసింది. కోడలు అపచారమని గొణిగితే, "దేవుడికి గాలి ఉంది, పిల్లికి నేదు. నువు నోరు ముయ్యి," అంది. ఆవిడ మీద నాకు గౌరవం పుట్టింది ఆ మాటతోనే.

అంతా సవ్యంగా సాగుతుండగా కొడుకు కొత్త ఇల్లు కొన్నాడు. మొన్నమొన్నటిదాకా తెల్లవాళ్లకే ప్రత్యేకించిన పేట అది, మనవాళ్లు పనికి తప్ప అడుగుపెట్టకూడని చోటు. ఆ చట్టం పోయింది కనుక ఇప్పుడు ఎవరైనా ఉండొచ్చు. కొడుకు కళ్లల్లో గర్వం, దాని వెనకే బెదురు. వీధి మొత్తానికి మనవాళ్ల ఇల్లు అదొక్కటే. పక్కవాళ్లు ఏమనుకుంటారోనని మావిడాకుల తోరణం కూడా గుమ్మానికి లోపలివైపు కట్టించాడు మహానుభావుడు.

గృహప్రవేశానికి హోమం పెట్టారు. అవ్వ ముందే పసుపుని ఇంటి వెనక బట్టలుతికే గదిలో ఉంచి, అక్కడి కిటికీ బార్లా తెరిచి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. హాల్లో నిప్పు రాజుకుని నెయ్యి పడగానే గుప్పున పొగ లేచింది. షాల్‌క్రాస్‌లో అయితే తలుపులన్నీ తెరిచిపెట్టేవారు, పొగ వీధిన పడితే ఎవరింట్లో శుభకార్యమా అని జనం తొంగిచూసేవారు. ఇక్కడ కొడుకు ఒక్కొక్క కిటికీ మూసుకుంటూ వెళ్లాడు. కళ్లు మండి చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. "విండో ఓపెన్ చెయ్యి రా, అందరికీ దగ్గొస్తాది!" అని అవ్వ వంటింట్లోంచి అరిచింది. పక్కవాళ్లు పోలీసులకి ఫోన్ చేస్తారని కొడుకు ఇంగ్లీషులో గసిరాడు. పాలు పొంగించాల్సింది ఇంటికి పెద్దావిడే కనుక ఆవిడని పొయ్యి దగ్గర నుంచి కదలనివ్వలేదు. పిల్లి గదికి కిటికీ తెరిచే ఉంది కదా అని మేమిద్దరం ధైర్యంగానే ఉన్నాం. ఆ కిటికీ పక్కింటి గోడవైపు ఉంది కనుక కొడుకు దాన్నే అన్నిటికంటే ముందు మూశాడని, వస్తూ వస్తూ తలుపు ఓరగా వదిలేశాడని మాకు తెలియదు.

పాలు పొంగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. కాళ్లకి దణ్ణం పెట్టబోయేవాళ్లని తప్పించుకుని అవ్వ వెనక గదికి నడిచింది, నేను వెంట వెళ్లాను. గది నిండా పొగ. మూసిన కిటికీ కింద పసుపు పక్కకి ఒరిగి నోరు తెరుచుకుని ఉంది. నేను కిటికీ తోసేశాను. అవ్వ సంచిలోంచి సీసా తీసి నీలం పంపు బిగించింది, నేను నొక్కాను, మాస్కు మూతికి ఆనించి డొక్కల మీదే కళ్లు పెట్టి ఆవిడ ఒకటి అంది. రెండు అనడానికి ఎంతసేపు చూసిందో చెప్పలేను, ఆ డొక్క మళ్లీ కదల్లేదు. మళ్లీ నొక్కమంది, నొక్కాను. అవతల హాల్లో ప్రసాదం పంచుతున్నారు.

పక్కింటివాళ్లు ఆ వారమంతా ఊళ్లోనే లేరని తర్వాత తెలిసింది. సెలవులకి ఎక్కడికో వెళ్లారట. ఆ సంగతి విన్న రోజు అవ్వ కొడుకుని తిట్టలేదు. నోరారా తిట్టి ఉంటే నాకు కాస్త ప్రాణం తెరిపిన పడేది. "ఎవులికి బయపడ్డావు రా?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అవ్వ చలికాలంలో కూడా కిటికీ తెరుచుకునే పడుకుంది.

ఆ కొడుకుని నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఏ బెంచీ మీద కూర్చోకూడదో, ఏ సముద్రపొడ్డున కాలు పెట్టకూడదో చిన్నప్పటి నుంచీ బోర్డులు చదివి నేర్చుకున్న మనిషి కదా అని ఒక్కోసారి మనసు మెత్తబడుతుంది, మళ్లీ ఆ మూసిన కిటికీ తలచుకోగానే గట్టిపడుతుంది. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడా వీధిలో సగం ఇళ్లు మనవాళ్లవే, హోమం పొగ మలుపుదాకా వచ్చినా అడిగేవాళ్లు లేరు. అటుగా వెళ్లినప్పుడల్లా, ఈ మంచిరోజులేవో కొంచెం ముందుగా వచ్చి ఉంటే ఏం పోయేది అనుకుంటాను. అనుకున్నాక నోరు మరింత చేదవుతుంది. అవి అప్పటికే వచ్చేశాయి. మాకే తెలియలేదు.