ఈత నేర్చుకున్న డ్రిల్లు టీచరు

మా అక్క ఇరవై రెండేళ్లుగా ఒకే స్కూల్లో డ్రిల్లు టీచరు. ఆమె గొంతెత్తితే మేడ మీది తరగతుల్లో కూడా గుసగుసలు ఆగిపోతాయి. పరుగంటే ప్రాణం, బద్ధకమంటే ఒళ్లుమంట.

అందుకే ఆరో తరగతిలో బాగా లావుగా ఉండే ఒక పిల్ల రోజూ ఏదో వంకతో పరుగు ఎగ్గొడుతుంటే, అక్క దానిచేత ఇంకో రెండు రౌండ్లు ఎక్కువే తిప్పించేది. పిల్ల కిక్కురుమనకుండా కాళ్లీడ్చుకుంటూ తిరిగేది.

ఒకరోజు బడి వదిలాక అక్క బంతుల సంచీ సర్దుతూ తలెత్తి చూసింది. ఆ పిల్ల రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగుతోంది.

"ఏమైందే కాలికి?"

"మోకాళ్లు, టీచర్. మడమలు కూడా. ఎప్పుడూ ఉండేదే."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే వంకలంటారుగా."

అక్క ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లింది. "తప్పు నాదేనమ్మా. నొప్పితో ఉన్న పిల్లని పరిగెత్తించాను" అంది.

తల్లి నెత్తి కొట్టుకుంది. "నేనూ బద్ధకమనే తిట్టానండీ. ఈ వయసులో మోకాళ్ల నొప్పులేంటి, మా అత్తగారిలా!"

మర్నాడు ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన ఎక్స్‌రే చూసి విడమరిచి చెప్పాడు.

"ఎముక బాగానే ఉంది. ఎదిగే కీళ్ల మీద బరువు ఎక్కువైంది. నొప్పికి పిల్ల కదలదు. కదలకపోతే కండ బలం తగ్గి, బరువు పెరిగి, నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. తిట్టకండి, కడుపు మాడ్చకండి. ఇంటిల్లిపాదీ తిండి మార్చుకోండి. ముందు నీళ్లలో ఆడించండి, కీళ్లకు తేలికగా ఉంటుంది."

పిల్ల ససేమిరా అంది. "అందరూ నన్నే చూస్తారు."

"నన్ను చూస్తార్లే. నాకసలు ఈతే రాదు" అంది అక్క.

నిజమే. మోకాటి లోతు నీళ్లంటేనే గుండె జారిపోయే మనిషి. నలభై ఆరేళ్ల వయసులో మొదటి వారమంతా ఈతకొలను గట్టును బల్లిలా కరుచుకుని ఉంది. పిల్లకు పదిరోజుల్లో తేలడం వచ్చేసింది. "బిగుసుకోకండి టీచర్, ఊపిరి వదలండి" అంటూ అదే అక్కకు పాఠాలు మొదలుపెట్టింది.

ఏడాది గడిచింది. పిల్ల ఇప్పటికీ బొద్దుగానే ఉంది. కానీ పొద్దున్నే మోకాళ్లు పట్టేయడం లేదు, తోటిపిల్లలతో బంతాటకు దిగుతోంది. అక్క స్టాఫ్ మీటింగులో లేచి నిలబడి, తన పొరపాటు అందరి ముందూ ఒప్పుకుంది. ఇప్పుడు ఆ స్కూల్లో పరుగు శిక్ష కాదు. ఎవరు వెనకబడినా ముందు "ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని అడుగుతారు. పరుగుపందేల్లో అక్క గెలిచిన కప్పులు చాలానే ఉన్నాయి. అవి తెచ్చిన రోజులకంటే, ఆ మీటింగు సంగతి విన్నరోజే నాకు "ఈమె మా అక్క" అని నలుగురికీ చెప్పుకోవాలనిపించింది.

పోయిన నెల అక్క కొలను ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా ఈదింది. పిల్ల గట్టు వెంట నడుస్తూ "ఇంకొంచెమే టీచర్, ఇంకొంచెమే!" అని అరుస్తూనే ఉంది. అక్క రొప్పుతూ గట్టెక్కేసరికి, అది తల్లి వైపు తిరిగి ఛాతీ విరుచుకుంది.

"చూశావా అమ్మా? మా టీచర్‌కి ఈత నేర్పింది నేనే!"