వద్దన్నవాళ్ళకీ ఒక డబ్బా

నా చిన్నప్పుడు కదిర్కామంలో మా వీధిలో ఏ పిల్ల పదో తరగతి పాసైనా ఆ ఇంట్లో కాఫీపొడి త్వరగా అయిపోయేది. సంతోషం చెప్పడానికని వచ్చినవాళ్ళు గ్లాసు ఖాళీ చేసేలోపు ఆ పిల్ల జీవితమంతా తేల్చేసి వెళ్ళిపోయేవాళ్ళు. నేను పాసైనప్పుడూ అదే జరిగింది. మా నాయన బట్టల మిల్లులో పనిచేసేవాడు. మా ఇంట్లో అంతవరకు చదివినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఇక నన్ను ఏ చదువుకి పంపాలో నాయనకీ తెలియదు, అమ్మకీ తెలియదు.

టైపు నేర్పించమని మా మేనత్త భర్త చెప్పాడు. పక్కింటి అక్క నర్సు, ఆమె నర్సు ట్రైనింగంది. టీచరు పనికి మించింది లేదని ఒకరు, చదివింది చాలు కుట్టుమిషను కొనిపెట్టండని ఇంకొకరు. ఎవరు చెప్పినా నాయన అదే సరైనదన్నట్టు తల ఊపేవాడు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. పొద్దున టైపిస్టుని, మధ్యాహ్నం టీచర్ని, దీపాలు పెట్టే వేళకి నర్సుని. నవ్వు వచ్చేది గానీ లోపల దడగానే ఉండేది. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళు చెప్పినదాంట్లోకే నన్ను తోసేస్తారని నా భయం.

మా నాయన తల్లి, మా అవ్వ, వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని అన్నీ వినేది. ఆమె బడి ముఖం చూసిన మనిషి కాదు. ఒకరోజు మామ మళ్ళీ టైపు సంగతి ఎత్తగానే ఆమె నోరు తెరిచింది.

"అట్నేలే అల్లుడా. రేపు నువ్వు ఆపీసుకి పొయ్యేటప్పుడు పిల్లని గూడా తీసకపో. పొద్దుగూకేదాకా ఆడ కూచోనీ. అన్నం డబ్బా నేను కట్టిస్తా."

మామ నవ్వాడు. అవ్వ నవ్వలేదు. "చెప్పేదానికి నోరుంది గదా, చూపించేదానికి ఏంది కష్టం?" అంది.

ఆ పూటనుంచి అది మా ఇంటి చట్టమైపోయింది. ఏ పని మంచిదని ఎవరన్నా సరే, ఆ పని జరిగే చోటికి నన్ను ఒకరోజు తీసుకుపోయి కూర్చోబెట్టాలి. పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ పెట్టి అవ్వ డబ్బా కట్టిస్తుంది. దాంతో మా ఇంట్లో కాఫీపొడి ఖర్చు తగ్గింది. మా గుమ్మం ముందునుంచి పోయే పెద్దమనుషులు కొందరు ఎదురు వరస పక్కగా నడవడం మొదలుపెట్టారు.

మామ మాత్రం మాట నిలబెట్టుకున్నాడు, పాపం. ఆయన ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నాను. టకటక చప్పుడు వింటూ, భోజనాల వేళ కాకముందే డబ్బా ఖాళీ చేసి, గోడకి ఆనుకుని నిద్రపోయాను. పక్కింటి అక్క పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఆమె మీద గౌరవం ఆ రోజు ఎంత పెరిగిందో చెప్పలేను. కానీ అక్కడ ఏ రోగి మూలిగినా నాకు ముందు కన్నీళ్ళు వచ్చేవి. చివరికి రోగుల్ని వదిలి నన్ను ఓదార్చాల్సి వచ్చింది ఆమెకి. సాయంత్రం డబ్బా సగంతో ఇంటికి వచ్చింది. నేను తెచ్చిన ప్రతి డబ్బానీ అవ్వ చేతిలోకి తీసుకుని బరువు చూసేది.

మా ఎదురింటి అన్న మేట్టుపాళయంలో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషను మీద ఇనుము కోసే టర్నర్‌గా పనిచేసేవాడు. ఒకరోజు సైకిలు ఆపి, "ఏం పాపా, యాడికి పోయినా నీకు కుదరలేదంట గదా. మా షెడ్డుకి రా, టర్నర్ అయిపోదువు" అని నన్ను ఆటపట్టించాడు. వసారాలోంచి అవ్వ, "నవ్వులాటకన్నా అన్నట్టేరా అబ్బయా. రేపు తీసకపో" అంది. ఆ అన్న ముఖం చూడాలి!

మర్నాడు ఆ షెడ్డులో నేను చూసింది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. తుప్పుపట్టిన ఇనుప కడ్డీ ఒకటి మిషనుకి బిగించాడు. అది గిర్రున తిరుగుతుంటే కోసే పనిముట్టుని మెల్లగా దగ్గరికి తెచ్చాడు. కొబ్బరి కోరినట్టు ఇనుము చుట్టలు చుట్టలుగా రాలింది. పై తుప్పంతా పోయి లోపలినుంచి వెండిలా మెరుపు బయటపడింది. ఆ తర్వాత, చేసిన ముక్కని ఇంకో ముక్క రంధ్రంలోకి దూర్చి చూడమని నా చేతికిచ్చాడు. వెచ్చగా ఉంది. చప్పుడు లేకుండా, కదలకుండా అందులో కూర్చుంది. ఏ పని చూసినప్పుడూ నాకు అంత ఆనందం కలగలేదు. మిషను దగ్గరికి రావాలంటే గాజులు తీసేయాలని, ఓణీ బిగించాలని, జడ గుడ్డతో ముడి కట్టాలని అన్న చెప్పాడు. అన్నీ చేశాను.

ఇంటికి వచ్చాక అవ్వ డబ్బా అందుకుంది. నిండుగా ఉంది, మూత కూడా తీయలేదు.

"అన్నం మరిచిపోయినావా? సరి. అయితే ఇదే నీ పని."

ఐటీఐలో టర్నర్ కోర్సు ఉందని, చేరతానని నాయనతో చెప్పాను. ఎవరేమన్నా తల ఊపే మా నాయన మొదటిసారి వద్దన్నాడు. అరవలేదు, తిట్టలేదు. మిల్లులో తన పక్కన పనిచేసే ఆయన వేళ్ళు మిషనులో నలగడం కళ్ళారా చూసిన మనిషి. "నా బిడ్డ చేతులు మిషనుకియ్యనమ్మా. నేను చూసినాను, మీకు తెలీదు" అని అవ్వతో అన్నాడు. కోపంతో అని ఉంటే ఎదురు మాట్లాడేదాన్నేమో. ప్రేమతో అన్నాడు. ఏం చేయాలో తెలియక దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను.

అవ్వ కొడుకుతో వాదించలేదు. నాయనకి సెలవు వచ్చిన రోజు పొద్దున వసారా అరుగు మీద రెండు డబ్బాలు పెట్టింది.

"ఒకటి పిల్లకి. ఇంకోటి నీకు."

"నాకెందుకమ్మా?"

"మంచిదన్నోళ్ళేనా పోయి చూసేది? వద్దన్నోళ్ళు గూడా చూసి రావాల."

నాయన విసుక్కుంటూనే నన్ను సైకిలు వెనక ఎక్కించుకున్నాడు. షెడ్డులో ఒక స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను ఎవరూ చెప్పకుండానే గాజులు తీసి పక్కన పెట్టాను, ఓణీ బిగించాను, జడ ముడి కట్టాను. అప్పుడు నాయన కట్టుకున్న చేతులు విడిచాడు. లేచి వచ్చి మిషను ఎట్లా ఆగుతుందో చూపించమని ఆ అన్నని అడిగాడు. ఆపించాడు, మళ్ళీ తిప్పించాడు, మళ్ళీ ఆపించాడు. ఆ అన్నకి ఓపిక ఎక్కువ కాబట్టి సరిపోయింది.

మర్నాడు మిల్లునుంచి వస్తూ చంకలో ఒక మూట తెచ్చాడు. విప్పితే నూలు వేస్టు, మిల్లులో అడిగి తెచ్చినది. మిషను పనివాళ్ళు చేతుల జిడ్డు తుడుచుకునేది దాంతోనే. నా ఒళ్ళో పెట్టి, "మిషను ఆగినాకనే చేతులు తుడుచుకోవాల. తిరగతా ఉండంగా గాదు" అన్నాడు. అంతే. అదే మా నాయన ఒప్పుకోవడం. అవ్వ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది, పొగ వచ్చిందని చెప్పింది. ఆ వేళకి పొయ్యి ఇంకా ముట్టించనే లేదు.

మగపిల్లల మధ్య నేనొక్కదాన్నే ఆ కోర్సు చదివాను. టర్నర్‌గా చేరి, తర్వాత పిల్లలకి ఆ పనే నేర్పి రిటైరయ్యాను. రిటైరైన రోజు ఇంటికి వచ్చి మా నాయన ఫొటో ముందు రెండు చేతులూ చాపి చూపించాను. పది వేళ్ళూ ఉన్నాయి నాయనా అన్నాను. అవ్వ లేకపోతే ఆ మిషను ముఖం నేను చూసేదాన్నే కాదు. ఆమె నాకు ఏ దారీ చెప్పలేదు. చెప్పేవాళ్ళ నోళ్ళు మూయించి, చూసుకునేదానికి నాకు వ్యవధి ఇచ్చింది. అంత మేలు నాకు ఇంకెవరూ చేయలేదు.

ఈ మధ్య లాస్‌పేటలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. మనవరాలు ప్లస్‌టూ మంచి మార్కులతో పాసైంది. కేకులు, రొట్టెలు చేసే పని నేర్చుకుంటానంది. సెలవుల్లో బీచి దగ్గర ఒక బేకరీకి పోయి నేర్చుకుంటోందట. "రొట్టెలు కాల్చేదానికా ఇన్ని మార్కులు? వద్దే తల్లీ" అనేశాను. ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో, వసారా అరుగు మీది రెండు డబ్బాలు గుర్తొచ్చాయి.

మర్నాడు పెరుగన్నం కట్టుకుని మనవరాలితో బయలుదేరాను. బేకరీకి పెరుగన్నం డబ్బాతో పోయిన ముసలిదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. మనవరాలు మోచేతులదాకా పిండి పూసుకుని, పొయ్యి తలుపు అద్దం ముందు ఊపిరి బిగబట్టి, లోపల ఉబ్బుతున్న రొట్టెల్ని చూస్తోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చి సంచీ తీస్తే నా డబ్బా బరువుగా తగిలింది. మూత కూడా తీయలేదు.