ఎడమ భుజం, అరంగుళం

మెడలో టేపు లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు. ఆదివారం చర్చిలో పాటలు పాడేటప్పుడు కూడా అది మెడలోనే వేలాడేది. అందుకే వీధి వీధంతా ఆయన్ను టేపు మాస్టారనేది. నలభై ఏళ్ళుగా దర్జీ పనిలో చెయ్యి తిరిగినవాడు, మాటల్లో మాత్రం పరమ పిసినారి.

ఆయన ప్రొటెస్టెంటు, భార్య కథోలిక ఇంటి పిల్ల. పెళ్ళయ్యాక ఆయన చర్చికే వచ్చింది గానీ, కష్టమొస్తే మరియమాతను పిలవడం మానలేదు. "దేవుడికీ మనకీ మధ్య క్రీస్తు ఒక్కడే. చనిపోయినవాళ్ళని పిలిస్తే వాళ్ళకేం వినబడుతుంది?" అని ఈయన కసిరేవాడు. పోయేముందు ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "నేను పోయాక అప్పుడప్పుడూ నాతో మాట్లాడండి," అంది.

"వినబడదే," అన్నాడు. అంత మొండిమనిషి!

"వినబడితే ఎలాగోలా చెప్తాలెండి," అని నవ్వింది.

మూడేళ్ళయింది. ఆయన మాట్లాడలేదు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసేవాడు. అది తప్పని నమ్మాడు, నమ్మినదానికి కట్టుబడ్డాడు. పొద్దున్నే ఒక్కడికోసం టీ పెట్టుకునే మగవాడికే తెలుస్తుంది, ఆ కట్టుబాటు ఎంత కష్టమో.

ఈ ఏడు కథోలిక చర్చిలో మరియమాత విగ్రహానికి కొత్త అంగీ కుట్టే మనిషి దొరక్క, అక్కడి సిస్టరు ఈయన కొట్టు దగ్గరికి వచ్చింది.

"మీ పూజలకి నేను కుట్టనమ్మా."

"పూజ దేవుడికే మాస్టారూ. ఈ తల్లికి గౌరవం అంతే. మాకోసం ప్రార్థించమని అడుగుతాం. మీరు మీ పాస్టరుగారిని అడగరా?"

"ఆయన బతికున్నాడుగా!"

"దేవుడి దగ్గరున్నవాళ్ళు కూడా బతికున్నట్టే అంటాం మేం."

ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. వాదించే ఓపిక లేక ఒప్పుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కొలతలకు వెళ్ళాడు. చర్చి వెనక గదిలో చెక్క విగ్రహం నిలువెత్తు మనిషిలా ఉంది. రెండు భుజాలూ సమానం. పుస్తకంలో రాసుకున్నాడు. ఎందుకో అది ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు తోచింది. టేపు తీస్తుండగా, "భుజం వదిలెయ్యి," అన్న మాట ఆయన నోటినుంచి జారిపోయింది.

ఉలిక్కిపడ్డాడు. అది భార్యకు చెప్పే మాట. ఆవిడ ఎడమ భుజం అరంగుళం కిందికి ఉండేది. అది తెలియకూడదని, కొలత తీసేటప్పుడల్లా పైకి బిగబట్టేది. చెక్కతో మాట్లాడానా అని సిగ్గుపడి, వెనక్కి చూడకుండా బయటపడ్డాడు.

వారానికి కుట్టడం పూర్తయింది. ఇస్త్రీ చేస్తుంటే తెలిసింది, చేతులు అలవాటుకొద్దీ భార్య కొలతకే కత్తిరించాయని. ఎడమ భుజం అరంగుళం దిగి ఉంది. సరిచేద్దామంటే చిన్న ముక్క గుడ్డ కూడా మిగల్లేదు. ఎంత పాడైందో చూద్దామని, తనను తాను తిట్టుకుంటూ తీసుకెళ్ళి విగ్రహానికి తొడిగాడు.

ఎక్కడా ముడత పడలేదు.

టేపు పెట్టాడు. విగ్రహం ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంది. పుస్తకం తీసి చూశాడు. సమానమని తన రాతే ఉంది. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అంతే.

"పాత చెక్క కదా మాస్టారూ, వానలకి వంగిందేమో," అంది సిస్టరు, తాళాలు తెస్తానని వెళ్తూ.

కావచ్చు. కానీ ఆయనకు ఆ రోజు నోరుజారిన మాట గుర్తొచ్చింది. వదిలెయ్యమన్నాడు, వదిలేసింది. ఆ మాట ఆవిడకు చేరిందన్నమాట! అంటే ఈ మూడేళ్ళూ ఆవిడ చెవి ఒగ్గి కూర్చునే ఉంది. ఇంటాయన నుంచి ఒక్క మాట కూడా రాలేదు. విగ్రహం కన్నా ఆ ఆలోచనకే ఆయన ఎక్కువ భయపడ్డాడు. ఏడుపొచ్చింది.

"ఏమే," అన్నాడు.

జవాబు వస్తుందేమోనని గట్టిగా కళ్ళు మూసుకుని, ఆవిడ పోయిన రోజు సాయంత్రం నుంచి మొదలుపెట్టి, అన్నీ చెప్పసాగాడు.