ఫ్యాన్లు తిరుగుతున్నాయనుకుంటే

డిగ్రీలో నేను ఏ పేపరు తప్పానో మా సంఘంలో తెలియనివాళ్లు లేరు. ఇది మా అమ్మ చలవ. ఆదివారం ఆరాధనలో ప్రార్థన అవసరతలు అడిగినప్పుడు లేచి, "మా పాప లెక్కల్లో ఒక పేపరు పోయినాదండీ, సప్లిమెంటరీ రాస్తా ఉంది" అని అందరికీ చాటింది. పాస్టరుగారు దాని పేరు అడిగారు. "డిఫరెన్షియల్ ఈక్వేషన్స్" అని చెప్పాను. ఆయన రెండుసార్లు ప్రయత్నించి, "ఆ కష్టమైన పేపరు విషయమై" అని ప్రార్థన మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి వాకాడు బస్సు ఎక్కితే చాలు, "ఆ పేపరు ఏమైందమ్మా?" అని పలకరింపులు.

అది గట్టెక్కకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే బి.ఇడి. లేదు. మా ఊరి బడిలోనే లెక్కల టీచరునవుతానని ఎనిమిదో తరగతినుంచీ కోతలు కోస్తున్నదాన్ని. ఇక వెనక్కి తగ్గేదేముంది?

ఎక్కడ తప్పానో తేల్చుకుందామని గూడూరులో మా లెక్కల మేడం దగ్గరికి వెళ్లాను. పరీక్షలో ఇచ్చిన తొట్టి లెక్కను మళ్లీ ఆవిడ ఎదుటే చేశాను. తొట్టిలోకి ఒకవైపు ఉప్పునీళ్లు వస్తుంటాయి, ఇంకోవైపు అంతే నీళ్లు పోతుంటాయి. ఎప్పుడు ఎంత ఉప్పు ఉంటుందో చెప్పాలి. వచ్చే ఉప్పు రాశాను. పోయే ఉప్పు దగ్గర సున్నా పెట్టాను.

"పోయే నీళ్లలో ఉప్పు ఉండదా?" అన్నారు మేడం.

"పోయేది పైనీళ్లు గదా మేడం. దాంట్లో ఉప్పెందుకుంటాది?"

మాకు రొయ్యల గుంటలున్నాయి. వాన పడితే మంచినీళ్లు పైన తేలతాయి, ఉప్పునీళ్లు అడుగున ఉంటాయి. నాయన తూముకు అడ్డంపెట్టిన పలకల్లో పైవి తీసి పైనీళ్లు వదిలేస్తాడు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదాన్ని, తొట్టి అనగానే నాకు మా గుంటే కనిపించింది. ప్రశ్నలో నీళ్లు బాగా కలిసి ఉన్నాయని రాసే ఉంది. నేనే దాన్ని మాటవరసకు అన్నట్టు దాటేశాను.

మేడం నవ్వలేదు. "మీ గుంటలో రెండు నీళ్లూ ఎప్పుడు కలుస్తాయి?" అని అడిగారు.

"గుంటలో నీళ్లు చిలికే ఫ్యాన్లు వేస్తే."

"అయితే ఈ తొట్టిలో ఫ్యాన్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉన్నాయనుకో."

అంతే. కళ్లకు కట్టిన గంత విప్పినట్టయింది. ఫ్యాన్లు తిరుగుతుంటే ఉప్పు తొట్టంతా ఒకేలా ఉంటుంది, పోయే నీళ్లలోనూ ఉంటుంది. తొట్టిలో ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ పోతుంది. ఒక్క సమీకరణంలో ఇదంతా ఇమిడిపోయింది. ఆ పూట బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

సప్లిమెంటరీలో మళ్లీ తొట్టి వచ్చింది. మార్జిన్‌లో చిన్న ఫ్యాను బొమ్మ గీసుకుని మరీ మొదలుపెట్టాను. చాలాకాలం గడిస్తే తొట్టి ఉప్పదనం, వచ్చే నీళ్ల ఉప్పదనంతో సమానమవుతుందని తేలింది. ఉప్పుకాలవ నీళ్లు పెడుతూ పోతే చివరికి మా గుంటకూ ఆ కాలవ ఉప్పదనమే వస్తుంది. జవాబు సరైనదని ఫలితాలు రాకముందే నాకు తెలిసిపోయింది.

పాసయ్యాను. మాలో ప్రార్థన చేయించుకున్నవాళ్లు సాక్ష్యం చెప్పాలి. నాకేమీ రాదు, నాదేమీ లేదు, అంతా ప్రభువే చేశాడు అని కన్నీళ్లతో చెప్పడం ఆనవాయితీ. ఆదివారం ఆరాధనలో నేను లేచి నిలబడ్డాను. ఆ మాట నా నోట రాలేదు.

"ధైర్యం ఇచ్చింది దేవుడు. లెక్క చేసింది మాత్రం నేను" అన్నాను.

సాక్ష్యం అయ్యాక అందరూ స్తోత్రం అనాలి. ఎవరూ అనలేదు. చాపమీద కూర్చున్న అమ్మ నా చున్నీ పట్టుకుని లాగింది. పాస్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఆ లెక్కేందో చెప్పమ్మా. పేరు కూడా పలకలేక ఇన్నాళ్లు ప్రార్థన చేసినాం."

చెప్పాను. గుంట, తూము, పైనీళ్లు, అడుగునీళ్లు, ఫ్యాన్లు. గుంటలున్నవాళ్లంతా తలలూపారు. వెనకనుంచి ఒకాయన, "ఫ్యాన్లాపితే ఎట్టరా లెక్క?" అని పక్కాయన్ని అడుగుతున్నాడు.

అమ్మ నా చున్నీ వదిలేసింది. ముందు తనే, చర్చంతా వినిపించేలా, "స్తోత్రం" అంది.