చిమ్మెటలు తిన్న దేవదూత రెక్కలు

క్రిస్మస్ నాటకం కోసం ఈ రోజు దేవదూత రెక్కలు బయటికి తీశాం. పోయినేడు తెల్ల బాతు ఈకలు ఏరుకొచ్చి నేనొక జత, మరియమ్మ వదిన ఒక జత కుట్టాం. ఎవరి రెక్కలు బాగుంటే వాళ్ళమ్మాయే దేవదూత.

నా ట్రంకుపెట్టె తెరిస్తే, చిమ్మెటలు ఈకలన్నీ తినేసి ఈనెపుల్లలు మిగిల్చాయి. వదినవి మాత్రం ఇందాకే నీళ్ళలోంచి లేచిన బాతులా మెరిసిపోతున్నాయి.

“ఏం పెట్టేరండీ వదినగారూ?” అని అడిగాను.

“మా అత్తగారి చుట్టల పొగాకండి. నెలకోసారి ఎండలో వేసి దులిపేనండి.”

“అదేనండీ, రెక్కలు చుట్ట కంపు కొడుతున్నాయి!” అన్నాను.

వేషాలు పంచే పాస్టరమ్మగారు నావైపు తిరిగి, “మరి మీరు కలరా ఉండలు వెయ్యలేదాండీ?” అని అడిగారు.

“ఆయ్, వేసేనండి.”

వేసిన మాట నిజమే. డజను ఉండలూ నా పెళ్ళి పట్టుచీర మడతల్లో వేశాను. దానికి ఒక్క చిల్లు పడలేదు.

మా అమ్మాయి సుశీలకి గొర్రెపిల్ల వేషం ఇచ్చారు. ఎల్లుండి ఆ పట్టుచీరే కట్టుకుని, ముందు వరసలో కూర్చుని, వదిన కూతురి రెక్కలు చూడాలి. చప్పట్లు కూడా కొట్టాలంటారా?