కుట్టేసిన నమూనా

శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లే ఉదయం 9.40 బస్సులో, నా పక్కన నేతపని చేసే ఒకామె కూర్చుంది. ఒడిలోని సంచిలో ఉన్నవి దుకాణంలో చూపించవలసిన బట్టల నమూనాలని చెప్పింది.

తపాలా కౌంటరులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన అలవాటుతో అన్నాను: "మా కాలంలో నమూనాలు తక్కువ రేటుకే పోస్టులో వెళ్లేవమ్మా. విప్పి చూడటానికి వీలుగా కడితే చాలు."

"ఆ మాట మా అయ్యకి ఎవులూ సెప్పనేదు బాబూ. దుమ్ము పడతాదని సుట్టూ కుట్టేసి పంపినాడు. ఎనక్కొచ్చేసింది. ఆర్డరు పోనాది. అప్పట్నుంచి సేత్తోనే అట్టుకెల్తన్నాం."

కుట్టిన పొట్లాలను నిబంధన సంఖ్య, తేదీ వేసి తిప్పి పంపినవాణ్ణి నేను. లోపల ఏముందో ఒక్కసారీ చూడలేదు.

ఆమె సంచి ముడి విప్పి, బట్ట నా చేతిలో పెట్టింది. "సూసుకోండి బాబూ, కుట్టనేదు."

తేదీ లేని మాట నమ్మని నేను, ఆ పొట్లం తిరిగొచ్చింది ఏ సంవత్సరమో, ఏ పోస్టాఫీసు నుంచో ఆమెను అడగలేదు.